గుండె మీద చెయ్యి వేసుకుని...

పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. అయినా వినని మొండిఘటాలు కొన్ని ఉంటాయి. వాటికి పాల ఆశ కూడా ఉండదు. నలభైరెండు కిలోమీటర్ల నూటతొంభైఐదు మీటర్లు పరిగెత్తి, బయల్దేరిన ఊళ్ళోనే మరో మూలన తేలి, మెడలో ఒక రేకు బిళ్ళ వేయించుకుని, మర్నాడు మెట్లు దిగలేక వెనక్కి తిరిగి దిగుతూ, అదే మహద్భాగ్యమని మురిసిపోతాయి. 2021 చలికాలంలో, నలభైఎనిమిదో ఏట, నేనూ ఆ జాతిలో చేరాను. చేరడానికి కారణం ఆరోగ్యం మీద మక్కువ అని అందరికీ చెప్పేవాణ్ణి. అసలు కారణం భయం. మా నాన్నగారు యాభైనాలుగో ఏట గుండెపోటుతో పోయారు. ఆ అంకె నాకు దగ్గరపడుతోంది.

తెల్లవారుజామున కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తేవాళ్ళను ఎప్పుడైనా గమనించారా? నాలుగడుగులకోసారి మణికట్టు తిప్పి చూసుకుంటారు. వేళ ఎంతయిందోనని కాదు, వేళకి వాళ్ళకి పట్టింపు ఉంటే ఆ సమయంలో నిద్రపోతూ ఉండేవారు. తమ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూసుకుంటారు. నేనూ చూసుకునేవాణ్ణి, ఇప్పటికీ చూసుకుంటాను. ఈ టపాలో నా కృతజ్ఞతా, నా ఫిర్యాదూ రెండూ ఆ చూపు గురించే.

నాడి చూడడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. శార్ఙ్గధర సంహిత నాడి నడకని ప్రాణుల నడకతో పోల్చి చెప్పింది. వాతం ప్రకోపిస్తే నాడి జలగలా, పాములా కదులుతుందట. పిత్తం ప్రకోపిస్తే పిచ్చుకలా, కాకిలా, కప్పలా గెంతుతుందట. కఫమైతే హంసలా, పావురంలా సాగుతుందట. తెలుగునాట పుట్టిన బసవరాజీయం కూడా నాడీపరీక్షకు పెద్దపీటే వేసింది. ఇందులో ఆధునిక వైద్యానికి సరిపోయే ప్రమాణం ఉందని నేను వాదించబోవడం లేదు. నన్ను ఆకట్టుకున్న సంగతి వేరు. ఆ వైద్యులు నాడిలో నడకని చూశారు, అంకెల జోలికి వెళ్ళలేదు. అంకె తర్వాత వచ్చింది. 1707లో ఇంగ్లాండులో జాన్ ఫ్లోయర్ అనే వైద్యుడు సరిగ్గా ఒక నిమిషం కొలిచే గడియారం ఒకటి చేయించి, దాని సాయంతో నాడిని లెక్కపెట్టడం గురించి ఒక గ్రంథమే రాశాడు. అప్పటినుంచి హంస, కప్ప, పాము క్రమంగా పక్కకి తప్పుకున్నాయి. డెబ్భైరెండు, ఎనభైనాలుగు, నూటపది వచ్చి కూర్చున్నాయి.

ఆ లెక్కని పరిగెత్తేవాడి ఒంటికి తగిలించిన ఘనత ఫిన్లాండుది. అక్కడి పోలార్ సంస్థ 1982లో, తీగల అవసరం లేకుండా గుండె వేగాన్ని చేతి గడియారానికి చేరవేసే సాధనాన్ని బజారులోకి తెచ్చింది. రొమ్ముకి కట్టుకున్న పట్టీ గుండెలో పుట్టే విద్యుత్ సంకేతాన్ని పసిగడుతుంది, గడియారం దాన్ని అంకెగా చూపిస్తుంది. ఇప్పటి గడియారాలు చాలావరకు పట్టీ లేకుండానే పనిచేస్తున్నాయి. అడుగుభాగం నుంచి పచ్చని వెలుతురు చర్మం మీద పడుతుంది. నెత్తురు ఆ వెలుతురుని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్కడ నెత్తురు పెరిగి తగ్గుతుంది కనుక, తిరిగొచ్చే వెలుతురు కూడా తగ్గి పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని లెక్కపెట్టడమే దాని పని. దీనికి ముచ్చటగా 'నాడీమాపకం' అని ఒక పేరు పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ వాడలేదు. కనుక గడియారమనే పిలుద్దాం.

ముందుగా కృతజ్ఞత.

మొదటి మూడు నెలలూ నేను పరిగెత్తిన తీరు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. బస్సు తప్పిపోతున్నవాడిలా పరిగెత్తేవాణ్ణి. మూడో కిలోమీటరుకి నాలుక బయటికొచ్చేది. ఎంత ఆయాసపడితే అంత వ్యాయామం అని నా సిద్ధాంతం. గడియారం కొన్నాక చూస్తే గుండె 165 దగ్గర కొట్టుకుంటోంది. అప్పుడు అనుభవజ్ఞుడైన ఒక మిత్రుడు ఒకే ఒక్క సలహా ఇచ్చాడు: "నాలుగు నెలలపాటు 135 దాటనివ్వకు. దాటితే నడువు." వినడానికి తేలికే. పాటించి చూస్తే తెలిసింది, అది నా అహంకారానికి పెట్టిన పరీక్ష అని. 135 లోపల ఉండాలంటే కిలోమీటరుకి ఎనిమిదిన్నర నిమిషాలు తీసుకోవాలి. కర్ర పట్టుకుని నడిచే ఒక పెద్దాయన నన్ను దాటి వెళ్తూ, "ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా?" అని పరామర్శించారు.

అయినా ఆ నాలుగు నెలలూ గడియారం మాట విన్నాను. ఫలితం ఏమిటంటే, అదే 135 దగ్గర నేను కిలోమీటరుకి ఏడుంబావు నిమిషాల్లో వెళ్ళగలిగాను. గుండె అదనంగా కష్టపడలేదు, కాళ్ళు మాత్రం ముందుకు వెళ్ళాయి. దీని వెనక మాయ ఏమీ లేదు. నిదానంగా, ఎక్కువసేపు, నెలల తరబడి పరిగెత్తేవాడి గుండె ఒక్కో దెబ్బకీ ఎక్కువ నెత్తురు తోయడం నేర్చుకుంటుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. కొవ్వుని ఇంధనంగా వాడుకునే శక్తి హెచ్చుతుంది. ఈ చివరిది మారథానుకి ప్రాణం వంటిది. ఎందుకంటే కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న పిండిపదార్థం వేగంగా పరిగెత్తేవాడికి ముప్ఫై కిలోమీటర్లు దాటాక ఇంచుమించు ఖాళీ అయిపోతుంది. పరుగువాళ్ళు 'గోడ' అని భయపడేది ఆ ఘట్టాన్నే.

ఈ సూత్రాన్ని గడియారాలు రాకముందే నిరూపించినవాడు న్యూజిలాండు శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. అదే రోజు మరో శిష్యుడు ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్ల స్వర్ణం గెలిచాడు. రెండు నిమిషాలైనా పట్టని పందెం కోసం స్నెల్ వారానికి నూరు మైళ్ళ దూరం పరిగెత్తి పునాది వేసుకున్నాడు. నిదానమే ప్రధానమన్న మన సామెతకి ఇంతకు మించిన వ్యాఖ్యానం నాకు కనబడలేదు. లిడియార్డ్ చెప్పినా, సామెత చెప్పినా వినని నాచేత వినిపించింది మాత్రం ఆ గడియారమే. దానికి నేను రుణపడి ఉన్నాను.

ఇక ఫిర్యాదు. ఇది మూడు మెట్ల మీద నడుస్తుంది.

మొదటి మెట్టు, హద్దుల లెక్క. 220లోంచి వయసు తీసేస్తే మీ గుండె చేరగల గరిష్ఠ వేగం వస్తుందని ప్రతి వ్యాయామశాల గోడ మీదా ఉంటుంది. ఈ సూత్రం ఏ గొప్ప ప్రయోగంలోంచో పుట్టిందనుకునేవాణ్ణి. తీరా చూస్తే, 1971లో అమెరికా వైద్యులు కొందరు అప్పటికే అచ్చయిన రకరకాల పరిశోధనల అంకెల్ని ఒకచోట చేర్చి, వాటి మధ్యగా ఉజ్జాయింపున గీసిన గీత అది. అదే ప్రపంచమంతా శాసనమై కూర్చుంది. 2001లో తనాకా బృందం ఇంకాస్త శ్రద్ధగా లెక్కకట్టి, వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసెయ్యమంది. ఏ సూత్రం వాడినా వచ్చేది సగటే. ఒకే వయసు వాళ్ళలో పది కొట్లు అటూ ఇటూ ఉండడం మామూలు, ఇరవై తేడా ఉన్నవాళ్ళు కూడా అరుదేమీ కాదు. సగటు చెప్పుల కొలతతో ఊరందరికీ చెప్పులు కుట్టిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

రెండో మెట్టు, యంత్రం పొరపాట్లు. మణికట్టు మీది పచ్చ వెలుతురు ఒక్కోసారి నెత్తురు కదలికని వదిలేసి చెయ్యి ఊపుని లెక్కపెడుతుంది. నేను నిమిషానికి ఇంచుమించు 166 అడుగులు వేస్తాను. ఒక చలి ఉదయం ఇంటి గేటు దాటిన రెండో నిమిషానికే నా గుండె 166 అని చూపించింది. గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి. అక్కడే ఫుట్‌పాత్ మీద కూలబడి మెడ దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టుకుంటే 112. అది లెక్కపెట్టింది నా అడుగుల్ని! పట్టీ కట్టుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఇక ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. డిసెంబరులో 135 దగ్గర సాగిన పరుగే మే నెలలో, తెల్లవారుజామున కూడా, 150కి చేరుతుంది. ఒళ్ళు చల్లబరచుకోవడానికి నెత్తురు చర్మం వైపు మళ్ళుతుంది, చెమటతో నీరు తగ్గుతుంది, ఒక్కో దెబ్బకీ గుండె తోసే నెత్తురు తగ్గుతుంది, ఆ లోటుని అది వేగంతో పూడ్చుకుంటుంది. చల్లని దేశాల్లో రాసిన శిక్షణ పట్టికల్ని పట్టుకుని మన వేసవిలో పరిగెత్తేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఈ రెండూ చిన్న ఫిర్యాదులే. కాస్త చదువుకుంటే, కాస్త ఓపిక పడితే సర్దుకుపోవచ్చు. మూడోది అలాంటిది కాదు. దానికోసమే ఇంత ఉపోద్ఘాతం.

2023 ఆగస్టులో జరిగే హైదరాబాదు మారథానుకి పేరిచ్చాను. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదలై గచ్చిబౌలిలో ముగిసే ఆ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కువ. అందుకని జూన్ నెలలో మా ఇంటి దగ్గరి ఫ్లైఓవరు మీద ఎక్కిదిగడం సాధన చేస్తున్నాను. ఒకరోజు ఎక్కుతూ ఉంటే రొమ్ము మధ్యలో, ఎవరో అరచేత్తో అదిమినట్టు, చిన్న బరువు. నొప్పి అనడానికి లేదు. పైకి చేరి నిలబడ్డాను. రెండు నిమిషాల్లో పోయింది. వెంటనే ఏం చేశాను? మణికట్టు తిప్పి చూశాను. 141. నేను పెట్టుకున్న హద్దు 145. 'అంతా సవ్యంగానే ఉంది' అనుకున్నాను. ఇంటికెళ్ళి గ్యాస్ అయి ఉంటుందని నిమ్మకాయ సోడా తాగాను.

మూడు రోజుల తర్వాత అదే చోట, అదే బరువు. 139. మరుసటి వారం మళ్ళీ. 142. మూడు వారాలపాటు నా గుండె నాతో ఏదో చెబుతూనే ఉంది, నేను మాత్రం దాని గురించి గడియారాన్ని అడుగుతూనే ఉన్నాను. మిత్రులకి ఆ గీతలు పంపిస్తే వాళ్ళూ మెచ్చుకున్నారు. ఎంత నిలకడగా ఉందో చూడమన్నారు. నిజమే, గీత నిలకడగానే ఉంది.

ఆగింది నా తెలివివల్ల కాదు. ఒక ఆదివారం పరుగు నుంచి వచ్చి ఎడమ దవడ రుద్దుకుంటూ కూర్చుంటే మా ఆవిడ చూసింది. "పంటి నొప్పా?" అంది. కాదన్నాను. గుండె బాగానే ఉందని గడియారం చూపించబోయాను. ఆవిడ దానివైపు చూడనైనా చూడలేదు. "మావయ్యగారు కూడా చివరి వారమంతా దవడ రుద్దుకునేవారండీ" అంది. ఆ మాట నాకెందుకు గుర్తులేదో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు డాక్టరు దగ్గర ట్రెడ్‌మిల్ పరీక్ష, ఆ తర్వాత యాంజియోగ్రామ్. గుండె ముందు గోడకి నెత్తురు తీసుకెళ్ళే ధమనిలో 80 శాతం పూడిక. స్టెంట్ వేశారు. మూడో రోజు డాక్టరుగారితో నా గోడు వెళ్ళబోసుకున్నాను: ఇంత ఖరీదు పెట్టి కొన్న గడియారం ఒక్కసారైనా హెచ్చరించలేదేమిటి అని. ఆయన చిన్నగా నవ్వారు. "అది అబద్ధం చెప్పలేదండీ. మీ గుండె ఆ వేగంతోనే కొట్టుకుంది. మీరు అడగని ప్రశ్నకి అది జవాబెలా చెబుతుంది?" అన్నారు.

ఆ మాట పట్టుకుని మంచం మీద చాలా ఆలోచించాను. మా ఊళ్ళో పొలానికి బావి ఉండేది. ఇంట్లో కూర్చుని మోటారు చప్పుడు విని, మడికి నీళ్ళు పారుతున్నాయని మా తాత ఎప్పుడూ అనుకునేవాడు కాదు. లేచి, కాలువ గట్టున నడిచి, ఎక్కడ పూడుకుపోయిందో చూసి వచ్చేవాడు. మోటారు తిరగడం ఒకటి, మడి తడవడం ఒకటి. గుండె వేగం మోటారు చప్పుడు. ఊరందరికీ నీళ్ళు తోడే ఆ మోటారుకి దాని వంతు దానికి అందుతోందా లేదా అన్నది చప్పుడులో తెలియదు. విశ్రాంతిలో ఉన్నప్పుడు సన్నని ధార అయినా సరిపోతుంది. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు చాలదు. ఆ చాలకపోవడాన్ని గుండె చెప్పుకోగల భాష ఒకటే ఉంది: రొమ్ములో బరువు, దవడ లాగడం, ఎడమ చెయ్యి బరువెక్కడం, పైపొట్టలో మంట, ఎప్పుడూ లేని ఆయాసం. శ్రమతో వచ్చి, ఆగితే పోవడం దాని లక్షణం. మనం దానికి పెట్టుకున్న ముద్దుపేరు గ్యాస్.

మారథాన్ చరిత్రలో ఇద్దరి కథలు ఈ విషయాన్ని నాకన్నా బాగా చెబుతాయి. మొదటివాడు క్లారెన్స్ డిమార్. 1911 బోస్టన్ మారథానుకి ముందు పరీక్షించిన వైద్యులు అతని గుండెలో ఏదో మర్మరధ్వని విని, అలసట అనిపిస్తే విరమించమని చెప్పారు. అతను ఆ పందెం గెలిచాడు. ఆ తర్వాత కొన్నేళ్ళు పందేలకి దూరమై, తిరిగొచ్చి, 1922 నుంచి 1930 లోపల మరో ఆరుసార్లు గెలిచాడు. 1958లో క్యాన్సరుతో చనిపోయాక శవపరీక్ష చేస్తే, అతని గుండె ధమనులు మామూలు మనుషుల వాటికన్నా రెండు మూడు రెట్లు వెడల్పుగా ఉన్నాయని తేలింది. రెండోవాడు జిమ్ ఫిక్స్. 1977లో వచ్చిన అతని పుస్తకం అమెరికాలో లక్షలమందిని రోడ్ల మీద పరుగు పెట్టించింది. 1984లో, యాభైరెండో ఏట, వెర్మాంట్‌లో పరుగులోనే కుప్పకూలి పోయాడు. శవపరీక్షలో ధమనులు పూడుకుపోయి కనబడ్డాయి. అతని తండ్రికి ముప్ఫైఐదో ఏట గుండెపోటు వచ్చింది, నలభైమూడో ఏట మరణం.

ఒకడి గుండె చెడ్డదన్నారు, నిక్షేపంగా ఉంది. మరొకడి గుండె ఇనుములాంటిదని లోకం నమ్మింది, లోపల పూడుకుపోయి ఉంది. బయటినుంచి చూసే చూపు రెండువైపులా మోసపోగలదు. ఫిక్స్ తండ్రి కథ చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

దీన్ని చదివి ఎవరైనా బూట్లు అటక ఎక్కిస్తే నేను రాసినది వృథా. పరుగు ప్రమాదమని నేననడం లేదు. అమెరికాలో 2000 నుంచి 2010 వరకు మారథానుల్లోనూ అర్ధ మారథానుల్లోనూ పాల్గొన్న 1 కోటి 9 లక్షలమందిని పరిశీలిస్తే, గుండె ఆగిపోయినవారు 59 మంది, వారిలో మరణించినవారు 42 మంది. అంటే ఇంచుమించు 1,84,000 మందిలో ఒకరికి గుండె ఆగింది. సోఫాలో కూర్చోవడం అంతకన్నా ప్రమాదం. కానీ మనవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన మరో అంకె ఉంది. 52 దేశాల్లో జరిగిన ఒక అధ్యయనం నుంచి 2007లో వెలువడిన లెక్క ప్రకారం, దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53. మిగతా దేశాల వాళ్ళకి సుమారు 59. సరిగ్గా మనలో చాలామంది ఉద్యోగంలో కుదురుకుని, పిల్లలు చేతికొచ్చి, 'ఇక ఆరోగ్యం చూసుకోవాలి' అని బూట్లు కొనే వయసు అది.

కనుక నా వాదం ఇది. గుండె వేగం శ్రమని కొలుస్తుంది, ఆరోగ్యాన్ని కొలవదు. ఈ రెండింటినీ ఒకటిగా చూపించి మనకి అమ్ముతున్నారు, మనమూ ఒకటిగానే కొనుక్కుంటున్నాం. గడియారాన్ని గురువుగా పెట్టుకోండి, నిదానం నేర్పుతుంది. దాన్ని వైద్యుడిగా పెట్టుకోకండి. ముఖ్యంగా, ఒళ్ళు ఒకటి చెప్పి గడియారం ఒకటి చెబితే ఒంటి మాటే వినండి. అది అజ్ఞానమని, యంత్రం శాస్త్రమని అనుకోవడం ఈ కాలపు మూఢనమ్మకం. శాస్త్రమే కావాలంటే డాక్టరు దగ్గర దొరుకుతుంది. నలభై దాటినవాళ్ళు, ఇంట్లో గుండెజబ్బు ఉన్నవాళ్ళు, షుగరో బీపీయో ఉన్నవాళ్ళు, పొగతాగే అలవాటు ఉన్నవాళ్ళు బూట్ల దుకాణానికి ముందు అక్కడికి వెళ్ళాలి.

ఇందుకు ఎదురుగా నా మిత్రులు రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరు, గడియారాలు ఇంకా మెరుగవుతాయి, పూడికలని కూడా పట్టేస్తాయి అంటారు. అవనివ్వండి, సంతోషమే. అప్పుడు కూడా, గీత బాగుందని బరువుని పట్టించుకోని నాలాంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. మరికొందరు, అసలు గడియారమే పారేసి స్వేచ్ఛగా పరిగెత్తమంటారు. స్వేచ్ఛగా పరిగెత్తిన మొదటి మూడు నెలలూ నాకు గుర్తున్నాయి. నాలుక బయట పెట్టుకుని పరిగెత్తడాన్ని స్వేచ్ఛ అనలేను.

ఇప్పుడు నా పద్ధతి చెబుతాను. స్టెంట్ తర్వాత నేను వేసుకునే మాత్రల్లో ఒకటి గుండె వేగాన్ని పెరగనివ్వదు. 220 సూత్రం, నా పాత హద్దులు, అన్నీ ఒక్క మాత్రతో చెత్తబుట్టలోకి వెళ్ళాయి. అంకె లేకుండా శ్రమని ఎలా తెలుసుకోవడం? స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ దానికో దారి వేసి పెట్టాడు. ఎంత కష్టంగా ఉందో 6 నుంచి 20 దాకా మనమే మార్కులు వేసుకోవాలి. ఆరుతో మొదలవడానికి కారణం ఉంది. ఆ మార్కుని పదితో గుణిస్తే ఆరోగ్యంగా ఉన్నవాడి గుండె వేగానికి దగ్గరగా వస్తుంది. అంటే మన తోపుకీ యంత్రం లెక్కకీ అంత దగ్గరి చుట్టరికం ఉందన్నమాట. నా డాక్టరుగారు నన్ను 13 దాటవద్దన్నారు.

దీనికి తోడు నా సొంత కొలత ఒకటుంది. పరుగులో మాట్లాడగలిగితే నిదానంగా ఉన్నట్టే అని శిక్షకులు చెబుతారు. తెల్లవారుజామున ఒంటరిగా ఎవరితో మాట్లాడను? అందుకని పద్యం చదువుకుంటాను. మత్తేభం పాదానికి ఇరవై అక్షరాలు, పద్నాలుగో అక్షరం యతి. పాదం మొత్తం ఒక్క ఊపిరిలో వస్తే పరుగు నిదానం. యతి దగ్గర ఊపిరి తీసుకోవలసి వస్తే హద్దు దగ్గరికి వచ్చినట్టు. యతి దాకా కూడా చేరలేకపోతే ఆగి నడవాలి. చిన్నప్పుడు తెలుగు మాస్టారు బెత్తంతో కంఠస్థం చేయించిన పద్యాలు ఈ వయసులో నా ప్రాణానికి కాపలా కాస్తాయని ఆయనా అనుకుని ఉండరు. నాడికి హంసనడకా కప్పగంతూ చూసిన పాత వైద్యుల సరసన, పరుగుకి ఏనుగు నడకని నేను చేర్చాను, తప్పుంటే క్షమించండి. గడియారం ఇంకా మణికట్టు మీదే ఉంది. ఇంటికొచ్చాక చూస్తాను.

ఆ ఆగస్టు చివరి ఆదివారం నేను మారథాన్ పరిగెత్తలేదు. దారి పక్కన మంచినీళ్ళ బల్ల దగ్గర నిలబడ్డాను. పరిగెత్తి పాలు తాగే యోగం తప్పి, నిలబడి నీళ్ళు పోసే యోగం పట్టింది. చెమటతో, ఎర్రబడిన మొహాలతో, నవ్వుతూ, ఏడుస్తూ వందలమంది నా ముందునుంచి వెళ్ళారు. వచ్చిన ప్రతివాడూ ఒక చేత్తో గ్లాసు అందుకుంటూ రెండో మణికట్టు తిప్పి చూసుకుంటున్నాడు. యాభై దాటిన ఒకాయన బల్ల దగ్గర ఆగి, రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని గట్టిగా ఊపిరి తీశాడు. "ఏమన్నా బరువుగా ఉందా అండీ?" అని అడిగాను. "అబ్బే, 148 ఏ కదా" అన్నాడు గడియారం చూపిస్తూ. "అది అడగలేదండీ" అన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, కుర్చీలో కూర్చున్నాడు. అంబులెన్సు కుర్రాళ్ళు వచ్చి చూశారు. ఆయాసం తప్ప ఏమీ లేదని, కాసేపు ఆగి నడుచుకుంటూ వెళ్ళమని పంపించారు. ఆయనకి ఏమీ లేకపోవడం నాకెంత సంతోషమో! పది గ్లాసులు వృథా అయినా ఫరవాలేదు, పది కుర్చీలు వృథా అయినా ఫరవాలేదు.

నేను ఇప్పుడు వారానికి నాలుగు రోజులు పరిగెత్తుతున్నాను, పది కిలోమీటర్ల లోపు. మారథాన్ సంగతి డాక్టరుగారిని ఏడాదికోసారి అడుగుతాను. ఆయన ఏడాదికోసారి నవ్వుతారు. నాన్నగారి యాభైనాలుగు అంకె ఇంకా ముందే ఉంది. దాని గురించి ఏ సూత్రమూ ఏమీ చెప్పలేదు.

బ్లాగ్మిత్రుల్లో పరుగుపిచ్చి ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారని తెలుసు. మీ గడియారాల్లోని గీతలు నాకు అక్కర్లేదు. ఒక్కటే అడుగుతాను. ఈ మధ్య మెట్లెక్కుతున్నప్పుడో, పరిగెత్తుతున్నప్పుడో వచ్చి, ఆగగానే పోయి, మీరు గ్యాస్ అని సరిపెట్టుకున్నదేమైనా ఉందా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. నాకు చెప్పకపోయినా ఫరవాలేదు, ఇంట్లో చెప్పండి.